వేలిముద్ర, మృగం ముద్ర: క్రీస్తు విరోధి గురించి అడిగినవారికి

వందనాలండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రేషన్ కార్డు ఈ-కేవైసీకి మీ అమ్మగారు వేలు పెట్టనంటున్నారు. అది ప్రకటన గ్రంథంలోని మృగం ముద్ర అని ఒక బోధకుడి వీడియోలో విన్నారట. మీరు నచ్చజెప్పబోతే "నీకు విశ్వాసం తగ్గింది" అని ఏడుస్తున్నారట. "అంత్యక్రీస్తు ఎవరు, 666 అంటే ఏమిటి, ఇందులో వాక్యం ఎంత, మనుషులు కలిపింది ఎంత?" అని అడిగారు. నేను బైబిలు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్పై నాలుగేళ్లు. గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్లో కూటాలు పెట్టినా, ఈ ప్రశ్న అడగకుండా నన్ను పంపినవాళ్లు తక్కువ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ పేరు సంగతి. "అంత్యక్రీస్తు" అని మనవాళ్లు ప్రసంగాల్లో వాడతారు గానీ, మన ఇళ్లల్లో ఉండే పాత తెలుగు బైబిల్లో ఉన్నది "క్రీస్తు విరోధి". గ్రీకు మాట ఆంటిక్రిస్టోస్. అందులోని "ఆంటి"కి ఎదురు నిలిచినవాడనీ, బదులుగా వచ్చినవాడనీ రెండర్థాలు పలుకుతాయి. మన చెవికి ఆ "ఆంటి" కాస్తా "అంత్య"గా వినబడి, చివరి రోజుల్లో వచ్చేవాడే కదా అని అర్థం కూడా కుదిరేసరికి, అలా స్థిరపడిపోయిందని నా అభిప్రాయం. దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. "అంత్య" అనగానే చూపు క్యాలెండరు మీదికి పోతుంది, ఎప్పుడొస్తాడో అని. "విరోధి" అంటే, దేనికి విరోధి అని అడగాలనిపిస్తుంది. యోహాను మన చేత అడిగించాలనుకున్నది ఈ రెండో ప్రశ్నే.

ఆ మాట బైబిలు మొత్తంలో వచ్చేది ఐదంటే ఐదుసార్లు. అదీ యోహాను మొదటి రెండు పత్రికల్లోనే, నాలుగు వచనాల్లో. ప్రకటన గ్రంథంలో ఒక్కసారి కూడా లేదు. కూటంలో ఈ మాట చెప్పగానే పేజీలు తిప్పే చప్పుడు వినబడుతుంది. తిప్పి చూసుకోవాలి కూడా, నా మాట మీద నమ్మొద్దు. మొదటి పత్రిక 2:18లో "క్రీస్తు విరోధి వచ్చునని వింటిరి గదా ఇప్పుడును అనేకులైన క్రీస్తు విరోధులు బయలుదేరియున్నారు" అని ఉంటుంది. ఒకడు కాదు, అనేకులు. రేపు కాదు, ఇప్పుడు. ఆ తర్వాతి వచనం ఇంకా గుచ్చుతుంది: "వారు మనలోనుండి బయలువెళ్లిరి". రాజభవనం నుంచో పరాయి దేశం నుంచో కాదు, సంఘంలో మన పక్కన చాప మీద కూర్చుని రొట్టె విరిచినవాళ్లలోంచి. వాళ్లు చేసిన తప్పేమిటంటే, యేసు నిజంగా శరీరధారిగా వచ్చాడని ఒప్పుకోలేదు. దేవుడు మనిషై ఆకలిగొన్నాడు, రక్తం కార్చాడు అన్నది వాళ్లకు చిన్నతనంగా తోచింది. ఆ రోజుల్లో ఆసియా అనే రోమా ప్రాంతపు (నేటి టర్కీలో పడమటి భాగం) సంఘాలను పట్టి పీడించిన బోధ అది. కాబట్టి యోహాను దృష్టిలో క్రీస్తు విరోధిని గుర్తుపట్టేది యేసును గురించి అతను ఏమంటున్నాడన్నదాన్ని బట్టే. చేతి మీద ఏముందో, నుదుటి మీద ఏముందో యోహాను ఈ పత్రికల్లో ఎక్కడా అడగలేదు.

మరి మనం విన్న కథంతా ఎక్కడిది? ఏడేండ్ల శ్రమలు, యూదులతో ఒడంబడిక, యెరూషలేములో మళ్లీ కట్టే దేవాలయం, అందులో కూర్చునే ప్రపంచ నాయకుడు, అందరికీ ముద్ర. ఇది ఒకే చోట రాసి ఉన్న కథ కాదు. మా అమ్మమ్మ పాత చీరలన్నీ పోగేసి బొంత కుట్టేది. ఇదీ అలా ముక్కలు కలిపి కుట్టిందే. ప్రతి ముక్కా వాక్యమే, నేను కాదనను. కుట్టు మాత్రం మనుషులది.

దానియేలు ఏడో అధ్యాయంలో నాలుగో మృగానికి మొలిచిన "చిన్న కొమ్ము" ఒక ముక్క. దానియేలు గ్రంథం చదివే యూదుల కళ్ల ముందు అంతియొకస్ ఎపిఫనేస్ ఉన్నాడు. క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయంలో బలిపీఠం మీదే అన్యదేవతకు పీఠం కట్టించి, సున్నతినీ విశ్రాంతిదినాన్నీ నిషేధించిన రాజు. క్రీ.పూ. 164లో ఆ రాజు మీద తిరగబడ్డ మక్కబీయులనే యూదులు ఆలయాన్ని తిరిగి శుద్ధి చేశారు. యూదులు ఈనాటికీ హనుక్కా దీపాలు వెలిగించేది అందుకే. యేసు ఒలీవ కొండ మీద దానియేలు మాటనే తీసుకుని "నాశకరమైన హేయవస్తువు" అన్నప్పుడు విన్నవాళ్లందరికీ ఆ రాజు గుర్తొచ్చి ఉంటాడు.

రెండో ముక్క పౌలుది. థెస్సలొనీకయుల రెండో పత్రిక రెండో అధ్యాయంలో "నాశన పుత్రుడగు పాపపురుషుడు" దేవాలయంలో కూర్చుని తానే దేవుడనని చెప్పుకుంటాడని రాశాడు. దానికి పదేళ్ల ముందు, క్రీ.శ. 40 ప్రాంతంలో, రోమా చక్రవర్తి కలిగుల తన విగ్రహాన్ని యెరూషలేము దేవాలయంలో నిలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. అది జరిగేలోపే 41 జనవరిలో హతుడయ్యాడు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉన్న రోజుల్లో రాసిన మాట అది. వాడిని ఇప్పుడు అడ్డుతున్నది ఏదో మీకు తెలుసు కదా అని కూడా అంటాడు పౌలు. వాళ్లకు తెలుసేమో గానీ మనకు తెలియదు. తొలి శతాబ్దాల సంఘంలో మహా పండితుడైన అంతటి అగస్టీను, దేవుని పట్టణం గురించి రాసిన తన మహాగ్రంథం ఇరవయ్యో భాగంలో, ఈ చోట పౌలు ఉద్దేశం ఏమిటో తనకు అర్థం కావడం లేదని ఒప్పుకున్నాడు. ఆయనకు అందనిది పది నిమిషాల వీడియోలో తేల్చేసే బోధకుడు ఎదురైతే, కాస్త ఆగి ఆలోచించండి.

మూడో ముక్క ప్రకటన 13. సముద్రంలోంచి ఏడు తలలు, పది కొమ్ములతో ఒక మృగం, భూమిలోంచి గొఱ్ఱెపిల్లలాంటి రెండు కొమ్ములతో ఇంకొకటి. ఈ రెండోది అందరికీ కుడిచేతి మీదో నొసటి మీదో ముద్ర వేయిస్తుంది, అది లేనివాడు కొనడానికీ అమ్మడానికీ వీల్లేదు. మృగం సంఖ్య 666 అని అధ్యాయం చివర ఉంటుంది.

ఈ ముక్కలన్నీ ఒకే మనిషి గురించినవే అనుకోవడం చాలా పాతదే. తొలినాటి సంఘ బోధకులు, రెండో శతాబ్దం చివర ఇరేనియసు, ఆ వెంటనే హిప్పోలితు అలాగే రాశారు. పదో శతాబ్దంలో ఆడ్సో అనే సన్యాసి ఫ్రాన్సు రాణి గెర్బెర్గా అడిగితే, క్రీస్తు విరోధి జీవిత చరిత్రనే పుట్టుక మొదలు చావు దాకా రాసి పంపాడు. కానీ మనకు అలవాటైన ఆ వరుస, అంటే ముందు సంఘం, అంటే విశ్వాసులంతా, రహస్యంగా పరలోకానికి ఎత్తబడుతుంది, తర్వాత ఏడేండ్లు వాడి పాలన అన్నది, 1830ల్లో బ్రెదరెన్ అనే క్రైస్తవ సహవాసపు బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ చేతుల్లో రూపు దిద్దుకుంది. 1909లో వచ్చిన స్కోఫీల్డు బైబిలు దాన్ని వాక్యం కిందే వివరణగా అచ్చు వేసింది. చదివేవాడికి వాక్యం ఎక్కడ ఆగిందో, వివరణ ఎక్కడ మొదలైందో తేడా తెలియకుండా పోయింది.

మా ప్రాంతపు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1836లో మిషనరీ ఆంథనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి, తర్వాత నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ పని సాగించాయి. వీళ్లూ డార్బీ తిరిగిన బ్రెదరెన్ సహవాసంలోనివాళ్లే. అదే ఏడాది గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీవాళ్లు దేనికి సాక్షులో దాన్నిబట్టి కాక, దేనికి వ్యతిరేకులో దాన్నిబట్టే గుర్తింపు పొందే రోజు వస్తుందని అందులో హెచ్చరించాడు. మా డెల్టాకు సువార్త తెచ్చినవాళ్లను పంపిన మనిషి ఆ మాట అన్నాడని చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. విరోధి ఎవరో వెతకడంలోనే బతుకు గడిచిపోతే క్రీస్తు ఎప్పుడు కనబడతాడు?

ఇక 666. మన పండితులకు కటపయాది తెలుసు, అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతి. హెబ్రీ, గ్రీకు వాళ్లకు అంకెలు రాసుకోవడానికే అక్షరాలు వాడే అలవాటు. కాబట్టి ప్రతి పేరుకూ ఒక మొత్తం వస్తుంది. పాంపేయి శిథిలాల్లో ఒక గోడ మీద "నేను ప్రేమించే ఆమె సంఖ్య 545" అని ఎవరో గీసిన గ్రీకు రాత దొరికింది. అంటే జనం ఇలాంటి పొడుపులు మామూలుగానే వేసుకునేవాళ్లు. ఇప్పుడు "నేరోన్ కైసరు", అంటే రోమా చక్రవర్తి నీరో పేరు, హెబ్రీ అక్షరాల్లో రాసి కూడండి. నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50, ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200. మొత్తం 666. లాటిను పలుకుబడిలో చివరి "న్" లేకుండా "నేరో" అని రాస్తే ఒక 50 తగ్గి 616 అవుతుంది. ఐగుప్తులోని ఆక్సిరింకస్‌లో దొరికిన ఒక పాత ప్రకటన గ్రంథపు పపైరసు ముక్కలో సరిగ్గా 616 అనే ఉంది. ఇరేనియసుకు కూడా 616 ఉన్న ప్రతులు తెలుసు, అవి తప్పని ఆయన వాదించాడు. రెండు సంఖ్యలూ ఒకే పేరుకు కుదరడం చూస్తే, మొదటి చదువరులకు ఆ లెక్క నీరో దగ్గరికే చేరిందని నేను గట్టిగా నమ్ముతాను. 64లో రోము తగలబడితే నింద క్రైస్తవుల మీద వేసి చంపించినవాడు ఆయనే. 68లో చచ్చాక కూడా మళ్లీ వస్తాడని తూర్పు దేశాల్లో పుకార్లు తిరిగాయి.

అయితే ఇరేనియసు మాట ఒకటి నాకు ఈ లెక్కలన్నిటికంటే విలువైనది. ఆయన కూడా రెండు మూడు పేర్లు లెక్క కట్టి చూపించి, చివరికి ఏదీ ఖాయం చేయనన్నాడు. ఆ పేరు ఇప్పుడే అందరికీ తెలియాలని దేవుడు అనుకుని ఉంటే, దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడని ఆయన వాదన. దర్శనం చూసిన తరానికి అంత దగ్గరగా ఉన్న మనిషి అలా చేతులు ముడుచుకున్నాడు.

తర్వాతివాళ్లు ముడుచుకోలేదు. 1520లో పోపు పదో లియో పంపిన ఆజ్ఞాపత్రాన్ని, పోపును ఎదిరించిన సంస్కర్త లూథరు క్రీస్తు విరోధి పత్రమని పిలిచి, డిసెంబరు 10న విట్టెన్‌బర్గులో తగలబెట్టాడు. ఇంగ్లండు ప్రొటెస్టంట్లు రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మినిస్టరు విశ్వాస ప్రమాణం పోపునే క్రీస్తు విరోధి అని రాసుకుంది. అమెరికా ప్రెస్బిటేరియన్లు ఆ మాటను 1903లో మార్చుకున్నారు. పోపు పక్షంవాళ్లు అదే నింద లూథరు మీద వేశారు. నెపోలియను పేరుకీ 666 కుదిర్చారు. ఎవరి కాలంలో ఎవరు శత్రువో, వాడి పేరుకే లెక్క సరిపోయింది.

వీటన్నిటిలో మీ అమ్మగారి సంగతికి దగ్గరగా ఉన్నది రష్యాలో జరిగింది. 1650ల్లో అక్కడి సంఘాధిపతి, పాత్రియార్కు నీకోను ఆరాధన పద్ధతులు సవరించాడు. అంతవరకు రెండు వేళ్లతో సిలువ గుర్తు వేసుకునేవాళ్లు, ఇకపై మూడు వేళ్లు కలిపి వేసుకోమన్నాడు. సిలువ గుర్తు వేసేది ఏ చేత్తో? కుడిచేత్తో. ముందు తాకేది ఎక్కడ? నొసట. ప్రకటన 13:16లో ఉన్నవి ఆ రెండే. పైగా ఆ సంస్కరణలను నిలబెట్టిన మహాసభ మొదలైంది 1666లో. పాత పద్ధతి వదలని విశ్వాసులకు ఇంకేం కావాలి? మూడు వేళ్ల గుర్తే క్రీస్తు విరోధి ముద్ర అని నిశ్చయించుకున్నారు. సైనికులు వచ్చి ఆ ముద్ర బలవంతంగా వేయిస్తారన్న భయంతో చెక్క గుడుల్లో, గుడిసెల్లో తలుపులు బిగించుకుని, పిల్లాపాపలతో సహా వేలమంది తమను తాము తగలబెట్టుకున్నారు. వాళ్లు దుర్మార్గులు కాదు, ప్రార్థనాపరులు. రాజ్యం వాళ్లను హింసించిన మాట కూడా నిజం. కానీ ఆ మంటల్లో పోయిన పసిబిడ్డలను తలుచుకుంటే నాకు ఈ రోజుకీ గుండె బరువెక్కుతుంది. ఒక వచనాన్ని అది చెప్పని చోట అంటించినందుకు వాళ్లు కట్టిన వెల అది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాళ్లకు లేని చిక్కు ఒకటి మనకుంది. మన బైబిల్లో "కుడిచేతిమీదనైనను తమ నొసటియందైనను ముద్ర" అని ఉంది. మన ఊళ్లో రేషన్ డీలరు "ముద్ర వెయ్యమ్మా" అంటాడు, పింఛను ఇచ్చేవాళ్లూ అదే మాట అంటారు. వేలిముద్ర, నిశానీ మనకు తాతలనాటి మాటలు. చెయ్యి అదే, మాట అదే, ముద్ర లేనిదే సరుకు రాదు. మీ అమ్మగారికి భయం వేయడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆమె వాక్యాన్ని శ్రద్ధగా విన్నారు. ఆ శ్రద్ధను భయంగా మార్చినవాళ్లదే తప్పు.

ప్రకటన గ్రంథంలోని ముద్రకు యోహాను వాడిన గ్రీకు మాట ఖరగ్మా. పత్రాల మీద చక్రవర్తి పేరిట వేసే అచ్చుకూ, నాణెం మీది గుర్తుకూ ఆ మాట వాడేవాళ్లు. పెర్గములో అగస్తు చక్రవర్తికి గుడి ఉండేది, ఎఫెసులో దొమితియను చక్రవర్తి కుటుంబానికి కట్టారు. ఆ పట్టణాల్లో బతుకు తెరువంతా ఆ పూజల చుట్టూ తిరిగేది. అందుకే 13వ అధ్యాయంలో ముద్రకు ముందు వచనంలోనే మృగం ప్రతిమకు నమస్కారం చేయడం ఉంది. 14:9లో కూడా నమస్కారమూ ముద్రా జంటగానే వస్తాయి. ఎవరికి మొక్కుతున్నావన్నదే అక్కడి ప్రశ్న. తెలియకుండా, పొరపాటున, బియ్యం కోసం వేలు పెడితే పడిపోయే ముద్ర గురించి వాక్యంలో ఎక్కడా లేదు. మా యవ్వనంలో ఇదే భయం బార్‌కోడు మీద ఉండేది. రెండు చివర్లలోనూ మధ్యలోనూ ఉండే జంట గీతలు మూడు ఆరులట. ఆ కోడులో ఒక్కో అంకెకు ఏడు గళ్ల వెడల్పు ఉంటుంది, చివరి జంట గీతలకు మూడే గళ్లు. చూపుకు పోలిక ఉంది గానీ అవి ఆరులు కావు. ఆధార్‌కు పన్నెండు అంకెలు, మనిషి మనిషికీ వేరు. మృగం సంఖ్య ఒక్కటే, అది మృగానిది.

ప్రభుత్వం చేతిలో మన వేలిముద్రలు, కంటిపాపల వివరాలు ఉండటం మంచిదా కాదా అన్నది అడగవలసిన ప్రశ్నే. దాన్ని పౌరులుగా అడుగుదాం, కోర్టుల్లో అడిగినవాళ్లూ ఉన్నారు. దానికి ప్రకటన గ్రంథాన్ని అడ్డం పెట్టుకోనక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట పాలకొల్లు వైపు ఒక ఊళ్లో ఒక పెద్దావిడ ఇలాగే పింఛను మానేసింది. నేను వెళ్లి అడిగితే ఆమె బొటనవేలు చూపించింది. నలభై ఏళ్లు ఊడ్పులు ఊడ్చి, పీచు ఒలిచి, ఆ వేలి మీద గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. యంత్రం మూడుసార్లు పట్టలేదట. "దేవుడే నా చేతిని కాపాడాడయ్యా, ముద్ర పడనివ్వలేదు" అంది. నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆమె కష్టం ఆ వేలి మీద అంత స్పష్టంగా కనబడుతుంటే, ఎవరో చెప్పిన భయానికి అది సాక్ష్యంగా మారిపోయింది. కాసేపటికి ద్వితీయోపదేశకాండము 6 తీశాను. నీ దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమన్న మాటలను చేతికి కట్టుకోమనీ, కన్నుల నడుమ బాసికంలా ఉంచుకోమనీ అక్కడుంది. బాసికం అనగానే ఆమె మొహం మారింది. "పెళ్లిలో కడతారే, అదా?" అంది. అదేనమ్మా అన్నాను. చెయ్యి, నొసలు అని యోహాను ఎక్కడి నుంచి తీసుకున్నాడో చూడండి. దేవుడు తన ప్రజలకు కట్టిన బాసికం స్థానంలో మృగం తన పేరు పెట్టాలని చూస్తోంది. నీ నొసట ఇప్పటికే ఒక పేరు ఉంది కదా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి నెల కంటిపాప యంత్రంతో ఆమెకు పింఛను అందింది.

నా నమ్మకం కూడా దాచను. చివరి రోజుల్లో క్రీస్తుకు ఎదురు నిలిచే ఒక అధర్మస్వరూపి ఉంటాడనే నేను చదువుకున్నాను, నమ్ముతాను. వాడి గురించి పౌలు చెప్పిన ముగింపు ఒక్క వాక్యమే: ప్రభువు తన నోటి ఊపిరితో సంహరిస్తాడు. అంతకుమించి యుద్ధ వర్ణన కూడా లేదు. అంత తేలిగ్గా పోయేవాడి కోసం మన సంఘాల్లో ఇన్ని ప్రసంగాలు ఖర్చవుతున్నాయే అన్నదే నా బాధ. యోహాను చెప్పిన విరోధులు, యేసు పేరుతోనే వేరే యేసును అమ్మేవాళ్లు, మన వేదికల మీదే ఉంటే గుర్తుపట్టే ఓపిక మనకు మిగలడం లేదు.

ఇప్పుడు మీరు చేయవలసింది. అమ్మగారితో వాదించకండి, ఆ వీడియో తప్పని మొదలుపెట్టకండి. రాత్రి ప్రార్థనయ్యాక ఆవిడ బైబిలే తీసుకుని ప్రకటన 13 ఆవిడ చేతే చదివించండి. 18వ వచనం దగ్గర చాలామంది పుస్తకం మూసేస్తారు, అధ్యాయం అయిపోయింది కదా అని. ఈ అధ్యాయాల గీతలు యోహాను గీసినవి కావు, పదమూడో శతాబ్దంలో వచ్చినవి. మూయనివ్వకుండా 14:1 కూడా చదవమనండి. మృగం సంఖ్య చెప్పిన మరుక్షణమే గొఱ్ఱెపిల్ల సీయోను పర్వతం మీద నిలబడి ఉంది, ఆయన నామమూ ఆయన తండ్రి నామమూ తనవాళ్ల "నొసళ్లయందు లిఖింపబడి" ఉన్నాయి. ఆ మాట దగ్గర మీరేమీ వివరించకండి, ఆవిడనే ఇంకోసారి చదవనివ్వండి. మర్నాడు పొద్దున్నే డీలరు దగ్గరికి మీరు కూడా వెంట వెళ్లండి. వేలు పట్టకపోతే కంటిపాపతో చేయమని అడగండి, కంగారు పడనివ్వకండి. ఏమైందో వీలైతే రాయండి. మీ అమ్మగారి కోసం ప్రార్థిస్తాను.